రెండో కన్ను

ఓబుళేశుకు కడుపులో మంట సోమవారం పదకొండున్నరకు మొదలైంది. పొద్దున తిన్నది రెండే ఇడ్లీలు గనక నెపం తిండి మీదికి నెట్టడానికి వీల్లేదు. అది అచ్చమైన ఓర్వలేనితనం. దానికి కారణమైన మనిషి ఎదురుగానే కూచుని చున్నీ కొసతో కీబోర్డు మీది దుమ్ము తుడుచుకుంటోంది. పేరు సుప్రజ. వయసు ఇరవై మూడు. కడపలో ఎంసీఏ చదివి ఈ మిల్లుకు వచ్చి పన్నెండు రోజులు.

మంగంపేట దగ్గర ముగ్గురాయిని, అంటే బెరైటీసును, పొడి కొట్టే మిల్లు అది. ల్యాబు అంటే ఒకటే గది. ఒక మూల నీళ్ళ తొట్టి, అందులో మెడదాకా మునిగి నిలబడిన పొడుగు మెడ సీసాలు. ఇంకో మూల రెండు కంప్యూటర్లు. వాటికి మౌసులు లేవు. ఒకప్పుడు ఉండేవి. ముగ్గురాయి పొడి వాటి పొట్టలోని ఉండకు పట్టుకుని నెలకొకటి చొప్పున చచ్చాయి. అందుకే 2001లో ఓబుళేశు ల్యాబు కోసం ప్రోగ్రాము రాసినప్పుడు బొమ్మలూ బొత్తాలూ పెట్టుకోలేదు. నల్ల తెర మీద కమాండు కొట్టాలి, ఎంటర్ నొక్కాలి, అంతే. 'గ్రావిటీ' అని కొట్టి, పొడి వేయకముందు ఒకటి, వేశాక ఒకటి చూసిన సీసా రీడింగులు రెండూ ఇస్తే పొడి సాంద్రత ఎంతో, అది చమురు బావుల వాళ్ళకు పనికొస్తుందో రాదో చెబుతుంది.

ప్రోగ్రాము లోపల ఇలాంటి లెక్కలు చేసే ఫంక్షన్లు ముప్ఫై ఒకటి. వాటిలో తొమ్మిదింటికే బయటినుంచి పిలవడానికి కమాండ్లున్నాయి. ఒక్కో కమాండునూ చేత్తో రాయాలి. దాని పేరేమిటి, అది ఏమేమి అడగాలి, మనిషి తప్పు కొడితే ఏమని చెప్పాలి, ఇదంతా ఓబుళేశు ఒక్కోదానికీ మూడు రోజులు తీసుకుని రాసేవాడు. మిగతా ఇరవై రెండు అతనొక్కడి చేతిలోనే ఉండిపోయాయి. జల్లెడ లెక్క కావాలన్నా, రెండు కుప్పలు కలిపితే గ్రావిటీ ఎంతకు వస్తుందో తెలియాలన్నా ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి "ఓబుళేశు సారు యాడ?" అని అరవాల్సిందే. ఏడేళ్ళుగా ఆ అరుపు వింటున్నాడు. విసుక్కుంటూనే లేచేవాడు గానీ, నిజం చెప్పాలంటే ఆ అరుపంటే అతనికి ప్రాణం.

గురువారం మద్రాసు నుంచి సరుకు కొనేవాళ్ళ తరఫున తనిఖీకి వస్తున్నారు. వాళ్ళు ఏ లెక్క అడిగినా అక్కడికక్కడే తెర మీద చూపించాలి, అన్నింటికీ కమాండ్లు పెట్టించు అన్నాడు మిల్లు యజమాని పెద్దసుబ్బయ్య శెట్టి. ఓబుళేశు రెండు నెలలు పడుతుందన్నాడు. సుప్రజ శని, ఆదివారాలు కూచుంది. కమాండ్లు రాయలేదు, కమాండ్లు రాసే దాన్ని రాసింది. అరవై వరసలు కూడా లేని చిన్న ముక్క. అది ఓబుళేశు ప్రోగ్రామును తానే చదువుకుంటుంది, ప్రతి ఫంక్షన్ పేరుతో ఒక కమాండు పుట్టిస్తుంది, ఆ ఫంక్షన్‌కు ఏ వివరాలు కావాలో చూసి వాటినే అడుగుతుంది.

"చూడండి సార్," అని సోమవారం ల్యాబుకు వచ్చిన శెట్టి ముందు ఎంటర్ నొక్కింది సుప్రజ. తెర మీద ముప్ఫై ఒక్క కమాండ్లు అక్షరాల వరసలో బారు తీరాయి. ఊపిరి పీల్చి వదిలినంత సేపు కూడా పట్టలేదు.

శెట్టి పెద్దగా నవ్వాడు. "ఏమప్పా ఓబుళేశూ, నువ్వు రెండు నెల్లంటివి. ఈ పాప రెండు దినాల్లో చేసి పారేసె! ఇంగ నువ్వు హాయిగా కూచో."

హాయిగా కూచోమన్నాడు! తిట్టినా ఇంత మండేది కాదు ఓబుళేశుకు. శెట్టి అంతటితో ఊరుకోలేదు. పోతూ పోతూ టేబుల్ ఫ్యాను మెడ పట్టుకుని ఇవతలినుంచి సుప్రజ వైపు తిప్పిపోయాడు. ఏడేళ్ళుగా ఓబుళేశు వైపే తిరిగి ఉన్న ఫ్యాను అది.

"సారూ, రెండో కన్ను," అని తొట్టి దగ్గరినుంచి పిలిచింది రాహేలమ్మ.

ల్యాబులో నమూనాలు చూసేది రాహేలమ్మే. ఎనభై గ్రాముల పొడి తూచి, కిరసనాయిలు పోసిన సీసాలోకి జారవిడిచి, గాలిబుడగలు పోయేదాకా సీసాను రెండరచేతుల మధ్య దొర్లించి, తొట్టిలో నిలబెడుతుంది. తర్వాత సీసా మెడ మీది సన్నటి గీతల్లో నూనె ఏ గీత దగ్గర ఆగిందో చూడాలి. ఒక్కరు చూసిన రీడింగు పుస్తకంలోకి ఎక్కదు. రెండో మనిషి కూడా చూడాలి. మొదటి మనిషి తను చూసిన అంకె బయటికి చెప్పకూడదు, కాగితం మీద రాసి బోర్లించాలి. రెండూ ఒకటైతేనే పుస్తకంలో రాసి పక్కన ఇద్దరూ సంతకాలు చేయాలి. దానికి ల్యాబులో రెండో కన్ను అని పేరు. ఈ పద్ధతి పెట్టింది ఓబుళేశే. రాహేలమ్మకు రెండో కన్ను కూడా అతనే.

అతను వచ్చి మోకాళ్ళు వంచి, ఎడమ కన్ను మూసి చూశాడు. "పందొమ్మిది పాయింటు రెండు."

రాహేలమ్మ కాగితం తిప్పింది. అదే అంకె. "రా" అని ఆమె, "ఓ" అని అతను పుస్తకంలో చేవ్రాలు చేశారు.

ఇదంతా చూస్తున్న సుప్రజ ప్రింటరులోంచి ఒక కాగితం లాగి తెచ్చింది. "సార్, నాకూ ఒక రెండో కన్ను కావాల. లిస్టంతా ఒకసారి చూసి, ఇయ్యకూడనిది ఏమన్నా ఉంటే చెప్పండి. ప్రోగ్రాము మీది గదా."

ఓబుళేశు కాగితం తీసుకున్నాడు. తప్పు దొరక్కపోతుందా అని పై నుంచి వేలు పెట్టి దిగుతూ పోయాడు. ఇరవై ఏడో వరస దగ్గర వేలు ఆగింది. అక్కడ 'తుడుపు' అని ఉంది.

ఏటా ఏప్రిల్లో సీజను మారినప్పుడు పాత వివరాలన్నీ చెరిపేసే ఫంక్షన్ అది. ఏ వివరమూ అడగదు. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, సీజను మొదటినుంచి చూసిన మూడు వేల నమూనాలు పోతాయి. ఏ లారీ, ఏ కుప్ప, తేమ ఎంత, జల్లెడలో ఎంత నిలిచింది అన్నీ పోతాయి. పుస్తకంలో ఉండేది సీసా రీడింగులు మాత్రమే. మిగతావి కాగితాలు వెతికి మళ్ళీ ఎక్కించాలంటే నెల పడుతుంది. అందుకే అతను దానికి ఎన్నడూ కమాండు రాయలేదు. సుప్రజ యంత్రానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? అది కనబడిన ప్రతి ఫంక్షన్‌నూ బయటికి తెచ్చి నిలబెట్టింది.

ఒక్క మాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడే ఫ్యాను గాలికి సుప్రజ చున్నీ ఎగిరింది.

"అంతా బాగుండాది," అని కాగితం తిరిగి ఇచ్చేశాడు ఓబుళేశు.

మంగళవారమంతా అతను ఊరికే కూచున్నాడు. ఊరికే కూచుంటే మనిషికి చెవులు పెరుగుతాయి. జల్లెడ లెక్క కావాలని మిల్లు మేస్త్రీ వస్తే సుప్రజే కొట్టి చూపించింది. కుప్పలు కలిపే లెక్కకు శెట్టి తానే వచ్చి, బొటనవేలితో ఒక్కో అక్షరమూ పొడిచి, జవాబు రాగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పొద్దుటినుంచి "ఓబుళేశు సారు యాడ?" అన్న మనిషి లేడు. మధ్యాహ్నం గేటు దగ్గర టీ తాగబోతే కొట్టు నడిపే ఈరక్క గ్లాసు అందిస్తూ, "ఏమి సారూ, రెండుసార్లొస్తివి ఈపొద్దు! పని ల్యాదా?" అంది. ఆమె ఎప్పుడూ అలాగే ఎగతాళి చేస్తుంది. ఆ పూట మాత్రం టీ చేదుగా దిగింది.

తిరిగి వచ్చేసరికి రాహేలమ్మ కంప్యూటరు ముందు కూచుని ఉంది. ఏడో తరగతి చదివిన మనిషి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది.

"ఇన్ని ఉంటే నాకు తిక్క పడతాదేమో సుప్రజమ్మా," అంటోంది. "అయినా సారు నాకు ముందే నేర్పినాడులే. కొత్తదేదొచ్చినా పైనుంచి కిందిదాకా ఒక్కోటే కొట్టి చూడు, అప్పుడే భయం పోతాదని. రేపు పొద్దున మిల్లు నుంచి పొడి వచ్చేలోపల అన్నీ ఒకసారి కొట్టి చూస్తా."

ఓబుళేశు గుమ్మంలోనే ఆగాడు. తను చెప్పిన మాటే అది. 'చెడిపోతే నేనుండాను గదా' అని కూడా చేర్చాడు ఆ రోజుల్లో.

అతను కుర్చీలో వెనక్కి వాలి లెక్క వేసుకున్నాడు. ప్రతి శనివారం ప్రోగ్రాము వివరాలన్నీ సీడీ మీదికి ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోవడం అతని అలవాటు. మొన్న శనివారానిదీ ఇంట్లో ఉంది. అంటే పోయేదేమీ లేదు. రేపు సెలవు పెడతాడు. రాహేలమ్మ ఇరవై ఏడోది నొక్కుతుంది. అంతా ఖాళీ అవుతుంది. సుప్రజ ముఖం మాడిపోతుంది. శెట్టి తల పట్టుకుని కేకలు పెడతాడు. అప్పుడు అడుగుతారు, ఓబుళేశు సారు యాడ అని. తను బస్సు దిగి, సీడీ పెట్టి, అన్నీ వెనక్కి తెచ్చి ఒక్క మాట కూడా మాట్లాడకుండా చేతులు కడుక్కుంటాడు. మధ్యలో రాహేలమ్మకు తిట్లు పడతాయి. ఒక గంట. ఆమె తినని తిట్లా?

ఆఖరి ఆలోచనకు అతనికే కొంచెం సిగ్గేసింది. కానీ ఫ్యాను ఇంకా అటువైపే తిరిగి ఉంది.

సాయంత్రం సంచీ సర్దుకుంటుంటే సుప్రజ దగ్గరికి వచ్చింది. "సార్, మీరు ఫంక్షన్ల లోపల ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు నోట్సు రాసినారు గదా, అవి చదువుతాండా. ఒకటి మిమ్మల్ని అడగాల..."

ఎగతాళి చేయడానికే వచ్చింది, ఇంకెందుకు? ఇంగ్లీషు రాక తెలుగులో రాసుకున్నాడని. "బస్సు టైమైంది. రేపు నేను రాను," అని విసురుగా బయటికి నడిచాడు.

బుధవారం పొద్దున రాజంపేటలోని ఇంట్లో ఓబుళేశు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని సిద్ధంగా కూచున్నాడు. ఎనిమిది దాటాక ఏ క్షణమైనా ఫోను రావచ్చు. ఎందుకైనా మంచిదని సీడీని ఇంట్లో కంప్యూటరులో పెట్టి చూశాడు.

అది గుర్రుమని తిరిగింది. ఆగింది. మళ్ళీ గుర్రుమంది. తెర మీద ఏమీ రాలేదు.

బయటికి తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. అదే గుర్రు. కిటికీ దగ్గర ఎండలో పట్టుకుని చూశాడు. ఒక అంచునుంచి ఇంకో అంచుదాకా సన్నటి గీతలు. ముగ్గురాయి పొడి మౌసుల్ని తిన్నట్టే సీడీని కూడా తినేసింది. అంతకు ముందు వారాలవి నాలుగు పెట్టి చూశాడు. ఒక్కటీ తెరుచుకోలేదు. ఏడేళ్ళుగా శనివారం శనివారం మోసుకొచ్చిన సీడీల్లో ఒక్కదాన్నయినా ఎన్నడూ తెరిచి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఏటా ఏప్రిల్లో తుడిచే ముందు ప్రింటు కాగితాలైనా దొంతరగా ఉండేవి. ఈసారి ప్రింటు కూడా లేదు.

ల్యాబుకు ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఏడింటికి ల్యాబులో ఎవరుంటారు? ఉన్నా మిల్లు తిరుగుతుంటే ఆ ఫోను ఎవరికి వినబడుతుంది? రాహేలమ్మ దగ్గర సెల్లు లేదు. సుప్రజ వచ్చిన మొదటి రోజే తన నంబరు రాసిచ్చింది. ఆ కాగితాన్ని అతను టీ గ్లాసు కింద పెట్టి అక్కడే వదిలేశాడు. శెట్టికి చేస్తే ఏమని చెప్పాలి? సోమవారం చూశాను, చెప్పలేదు అనా?

మంగంపేట వైపు పోయే ఏడున్నర కోడూరు బస్సు దొరికింది. నిలబడే ప్రయాణం. బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగింది. ఒకచోట గొర్రెపిల్లను ఎక్కించడానికి కండక్టరుకూ ముసలాయనకూ పెద్ద పంచాయితీ. ఓబుళేశు కడ్డీ పట్టుకుని రాహేలమ్మ వేలు ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో లెక్కపెట్టుకుంటున్నాడు. ఆమె నెమ్మదిగా చదువుతుంది. ఒక్కోదానికి రెండు నిమిషాలు. ఎనిమిదింటికి మొదలుపెట్టి ఉంటే ఈపాటికి పది దాటి ఉంటుంది. పదిహేను. ఇప్పుడు అతనికి సుప్రజ ముఖం కనబడటం లేదు. రాహేలమ్మ చేతులు కనబడుతున్నాయి, సీసాను దొర్లించే చేతులు. ఆమెను శెట్టి గంటసేపు తిట్టి వదలడు, ఇంటికి పంపేస్తాడు. ఎవరు నొక్కారని అడిగితే ఆమె నేనే అంటుంది, అబద్ధం చెప్పదు. ఎందుకు నొక్కావంటే మాత్రం సారు నేర్పినాడని చెప్పదు. ఓబుళేశుకు ఆ సంగతి ఖాయంగా తెలుసు.

బస్సు దిగి పరుగెత్తాడు. "ఏమి సారూ, మిల్లు కాలిపోతాందా?" అని వెనకనుంచి ఈరక్క కేక వినబడింది.

"రాహేలమ్మా, ముట్టుకోవద్దు!" ల్యాబు గుమ్మంలోనే అరిచాడు. "ఇరవై ఏడోది కొట్టొద్దు!"

రాహేలమ్మ ఉలిక్కిపడి తిరిగింది. పక్కన సుప్రజ లేచి నిలబడింది.

"ఇరవై ఏడా?" అంది రాహేలమ్మ కాగితం మీద టిక్కులు చూసుకుంటూ. "అది ఎప్పుడో కొట్టేసినా సారూ. ముప్ఫైలో ఉండా."

ఓబుళేశు తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మీ మాటలే వస్తాండాయి సారూ," అని రాహేలమ్మ నవ్వుతోంది. "ఏ కమాండు కొట్టినా ముందు మీరు రాసింది పైన చూపిస్తాది. తేమ కొడితే 'వానల్లో పొడి అబద్ధం చెబుతుంది, ముందు ఎండబెట్టు' అని వచ్చె. అచ్చం మీరు పక్కన కూచుని చెప్పినట్టే. ఇంగిలీసు అచ్చరాలైనా తెలుగే గదా, నాకు చదవడానికి వస్తాండాది. ఈ ఇరవై ఏడోది ఇదో, ఇట్ల చెప్పి నిలబడిపాయె, ముందుకు పోలా."

ఆమె తెరను వెనక్కి జరిపింది. అక్కడ అతని మాటలున్నాయి. ఏడేళ్ళ కింద, ఈ గదిలోనే, ఎవరూ చదవరనుకుని రాసుకున్న మాటలు.

'దీన్ని ఎవరూ పిలవరాదు. ప్రింటు తీసి, సీడీ తీసి, పుస్తకంతో సరిచూసి, రాహేలమ్మ రెండో కన్ను పడినాకనే. నేనైనా సరే.'

ఓబుళేశు ఆ వరసలను రెండుసార్లు చదివాడు. బతికిపోయాననిపించింది. అది రాసిన మనిషి తనేనా అని కూడా అనిపించింది.

"నిన్న సాయంత్రం మిమ్మల్ని అడగాలని వచ్చింది దీని గురించే సార్," అంది సుప్రజ. "మీరు బస్సుకు పోయినారు. అందుకని ప్రతి కమాండుకూ మీ నోట్సు పైన వచ్చేట్టు, పిలవరాదు అని ఉంటే ఆ నోట్సు మాత్రం చూపించి ఆగిపోయేట్టు మార్చి పెట్టినా." ఒక్క క్షణం ఆగి అడిగింది. "ఇరవై ఏడోది అని మీకెట్ల తెలిసె?"

"సారు రాసింది సారుకు తెలీదామ్మా?" అంది రాహేలమ్మ.

"సార్ రాసిన దాంట్లో అది పదకొండోది. ఇరవై ఏడోది అయ్యేది నేనిచ్చిన కాగితంలోనే."

చూడలేదు అనొచ్చు. కళ్ళజోడు మరిచిపోయాను అనొచ్చు. సుప్రజ నమ్మినా నమ్మకపోయినా పెద్దవాడని ఊరుకుంటుంది.

"చూసినా," అన్నాడు ఓబుళేశు. "సోమవారమే చూసినా. నీకు చెప్పలా. ఓర్చుకోలేకపోయినా."

సుప్రజ ముఖం తిప్పుకుని కుర్చీలో కూచుంది. రాహేలమ్మ మాత్రం అతని వైపే చూస్తోంది. నవ్వు ఇంకా ముఖం మీద అలాగే ఉంది, దాన్ని తీసెయ్యడం మరిచిపోయినట్టు.

"నేను పైనుంచి కిందిదాకా కొడతానని నీకు తెలుసు గదా సారూ," అంది మెల్లగా. ఏడేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

అతను తల ఊపాడు.

ఆమె మిగిలినవి కూడా కొట్టి చూసి, ముప్ఫై ఒకటో వరసకు కూడా టిక్కు పెట్టి, లేచి, కాగితం మడిచి రవికలో దోపుకుంది. మిల్లు నుంచి పొద్దుటి పొడి వచ్చి ఉంది. త్రాసు పళ్ళెం తుడిచి ఎనభై గ్రాములు తూచింది. మొదటి రీడింగు అయిపోయిన సీసాలోకి కాగితపు గరాటుతో కొంచెం కొంచెంగా జారవిడిచింది. బిరడా పెట్టి, అరచేతుల మధ్య దొర్లిస్తూ, బుడగలన్నీ పైకి వచ్చేదాకా నిలబడింది. తొట్టిలో దించింది. తొందరేమీ పడలేదు. వేడి సర్దుకునేదాకా ఆగి, వంగి, చూసి, అంకె రాసి కాగితం బోర్లించింది.

"రెండో కన్ను," అంది.

ఓబుళేశు కాళ్ళు వాటంతటవే కదిలాయి. రెండడుగులు వేసి, మోకాళ్ళు వంచి, ఎడమ కన్ను సగం మూశాడు కూడా.

"సుప్రజమ్మా, నిన్నే."

అతను వంగినవాడు వంగినట్టే పక్కకు జరిగాడు. సుప్రజ సందేహిస్తూ వచ్చింది. ఎలా చూడాలో రాహేలమ్మ చెప్పింది, కన్ను గీతకు సమానంగా ఉండాలని, ఊపిరి సీసాకు తగలకూడదని. అవి ఓబుళేశు ఆమెకు నేర్పిన మాటలే.

"పందొమ్మిది పాయింటు నాలుగు," అంది సుప్రజ.

రాహేలమ్మ కాగితం తిప్పింది. అంకె సరిపోయింది. పుస్తకం తెరిచి రీడింగు ఎక్కించి, పక్కన తన చేవ్రాలు చేసి, పెన్ను సుప్రజకు ఇచ్చింది. ఆ పేజీలో పైనుంచి కిందిదాకా రెండో గడి నిండా 'ఓ'లే ఉన్నాయి. వాటి కింద సుప్రజ 'సు' అని రాసింది.

అప్పుడే శెట్టి గుమ్మంలోకి వచ్చి, "ఓబుళేశు సెలవన్నారే, వచ్చినాడే!" అని ఆశ్చర్యపోయి, ఎండలో పడి వచ్చినట్టున్నాడని జాలిపడి, ఫ్యాను మెడ పట్టుకుని మళ్ళీ అతని కుర్చీ వైపు తిప్పాడు. గాలి వచ్చి ఖాళీ కుర్చీకి కొట్టింది. ఓబుళేశు తొట్టి దగ్గరే నిలబడి ఉన్నాడు.